దోమ కోసం చల్లిన మందు, పిట్టల మీద పడింది

ఒంగోలులో నాలుగు చినుకులు పడి వీధిలోకి పొగమిషన్ వచ్చిందంటే చాలు, వాట్సాప్‌లో ఆ పాత మెసేజ్ కూడా వచ్చేస్తుంది: రేచల్ కార్సన్ అనే అమెరికా ఆవిడ డీడీటీ అనే పురుగుమందుని ఆపించింది, ఆ పాపానికే లక్షలమంది మలేరియాతో పోయారు అని. ఈ వారం మళ్లీ మొదలైంది. ఆవిడ జీవశాస్త్రవేత్త, పురుగుమందుల చేటు మీద 1962లో ఆవిడ రాసిన 'సైలెంట్ స్ప్రింగ్' అనే పుస్తకం పెద్ద గొడవే లేపింది, అది వదిలేద్దాం. నన్నడిగితే చూడాల్సింది 1958 జనవరిలో ఆవిడకొచ్చిన ఒక ఉత్తరం.

రాసింది మసాచుసెట్స్‌లోని డక్స్‌బరీలో ఉండే ఓల్గా ఓవెన్స్ హకిన్స్. పిట్టల కోసం వదిలేసిన వాళ్ల రెండెకరాల మీద విమానం డీడీటీ చల్లిపోయింది. ఎందుకు? దోమలు చావటానికే! ఏడు పిట్టలు అక్కడికక్కడే చచ్చాయి, తేనెటీగలు, మిడతలు మాయమయ్యాయి, దోమలు మాత్రం మిగిలాయి. ఈ ఉత్తరమే తనను మళ్లీ ఈ పురుగుమందుల సమస్య వైపు లాగిందని కార్సన్ ఆ పుస్తకంలోనే చెప్పుకుంది.

ఆవిడ కాగితాలు ఇప్పుడు యేల్ యూనివర్సిటీ బైనెకీ లైబ్రరీలో ఉన్నాయి. 1960లో రొమ్ము క్యాన్సర్‌కి పెద్ద ఆపరేషన్ జరిగినా ఆవిడ బయటికి పొక్కనివ్వలేదు, తెలిస్తే ఆ బాధతోనే పురుగుమందుల మీద పడిందంటారని. పురుగుమందులు అసలు వాడొద్దని మాత్రం ఆవిడ ఎక్కడా అనలేదు.

ఆ మెసేజ్ పంపేవాళ్ల మాటలో కొంత నిజముంది, డీడీటీతో మన దేశంలో మలేరియా 1960ల్లో ఏడాదికి లక్ష కేసులకు దిగింది. 1976కల్లా మళ్లీ 64 లక్షలు దాటింది. కారణాలు చాలా ఉన్నాయి గానీ, నిషేధం వాటిలో లేదు. అమెరికా 1972లో ఆపింది, మనం పంటలకు ఆపింది 1989లో, దోమలకైతే ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు కొట్టాం. ఆ కారణాల్లో ఒకటి, దోమే మందుకు అలవాటుపడటం. ఇలా అవుతుందని ఆవిడ పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది.

ఇంతకీ ఇది తెలియటానికి యేల్ దాకా ఎందుకు? 1987-88లో గుంటూరు, ప్రకాశం పత్తి చేలల్లో ఆకుల రసం పీల్చే తెల్లదోమ గుర్తుందా? కాయతొలుచు పురుగుకని పైరిత్రాయిడ్లు అనే రకం పురుగుమందులు కొట్టారు, కొట్టినకొద్దీ తెల్లదోమను తినే పురుగులు చచ్చి అది చేలంతా కమ్మేసింది, అప్పు తెచ్చి ఇంకో మందు కొట్టారు, చివరికి మందుల కొట్లో బాకీ తీరక ఎంతోమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

మా గ్రూపులో ఆ మెసేజ్ పెట్టిన పెద్దాయన కూడా ఆ ఏడు పత్తి వేసినవాడే.