నక్షత్రాల మధ్య మేఘాలు, అయస్కాంత క్షేత్రం: అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడి వైపు వచ్చినప్పుడల్లా "ఏటి బాబూ, ఇంకా రేడియోల పనేనా?" అని అడుగుతుంటారు. నేను కొలిచేది నక్షత్రాల మధ్య మేఘాల్లోంచి వచ్చే రేడియో తరంగాలు ఏ దిక్కున ఊగుతున్నాయన్నది. దాన్నే ధ్రువణం అంటాం. ఆ మేఘాల్లో అయస్కాంత క్షేత్రం ఎటు ఉందో దాన్ని బట్టే ఆరా తీస్తాం.

అపోహ: రేడియో టెలిస్కోపు ఆకాశంలో చప్పుళ్లు వింటుంది.
వాస్తవం: చప్పుడేమీ లేదు. అదీ వెలుగే, కంటికి ఆనదంతే.

అపోహ: అక్కడి క్షేత్రం మరీ బలహీనం, దానివల్ల ఏటవుద్ది?
వాస్తవం: బలహీనమే. భూమి క్షేత్రం అర గాస్ (క్షేత్ర బలానికి కొలత) దాకా ఉంటే అక్కడ గాస్‌లో పది లక్షల వంతులైన మైక్రోగాస్‌ల లెక్క. కానీ భూమితో పోల్చి లాభం లేదు. ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువు తన శక్తి మెట్లలో ఆఖరిది దిగి 115 గిగాహెర్ట్జ్ వెలుగు విడవడానికి సగటున ఐదు నెలలు పడుతుంది. ఈలోగా క్షేత్రం దాన్ని తన చుట్టూ నిమిషాల లెక్కన తిప్పుతూనే ఉంటుంది. అన్నాళ్లు తిరిగాక అణువుకు క్షేత్రం దిశ తప్ప వేరే దిక్కు మిగలదు. ఆపైన మేఘంలోంచి వెలుగు ఒకవైపు సులువుగా, ఇంకోవైపు కష్టంగా బయటపడితే ఆ 115 గిగాహెర్ట్జ్ వెలుగుకు (మేం దాన్ని గీత అంటాం) కాస్త ధ్రువణం అబ్బుతుంది. గోల్డ్‌రైక్, కైలాఫిస్ అనే శాస్త్రవేత్తలు 1981లో ఈ లెక్క కట్టారు. కృత్తికలకు కాస్త ఉత్తరాన ఉన్న ఎన్‌జీసీ 1333 అనే మేఘంలో ఇది 1999లో దొరికింది. మేఘం మరీ చిక్కనైతే అణువులు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆ ఆనవాలు చెరిగిపోతుంది.

అపోహ: ధ్రువణం ఎటుంటే క్షేత్రం అటే.
వాస్తవం: చాలామంది బోల్తా పడేది ఇక్కడే. గీత ధ్రువణం క్షేత్రానికి సమాంతరంగానైనా ఉండొచ్చు, లంబంగానైనా ఉండొచ్చు. అందుకని ధూళిని సాక్ష్యం అడుగుతాం. ధూళి రేణువులు వెదజల్లే తరంగాల ధ్రువణం మామూలుగా క్షేత్రానికి అడ్డంగా ఉంటుంది.

పైగా మాకు దొరికేది ఒకటి రెండు శాతం. టెలిస్కోపులో తరంగాల్ని అందుకునే రిసీవరే అంత దొంగ ధ్రువణం కలిపేస్తుంది! దాన్ని పట్టుకోవడానికి, మేఘం తూర్పున పొడిచింది మొదలు పడమట వాలేదాకా వదలకుండా చూస్తాం. ఆకాశం నుంచి వచ్చిన ధ్రువణం గంటగంటకీ రిసీవర్ ముందు దిక్కు మారుతుంది. రిసీవర్ కలిపింది మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

అపోహ: ధ్రువణ శాతం పెరిగితే క్షేత్రం బలమైనట్టే.
వాస్తవం: కాదు. బలం తెలియాలంటే ఓహెచ్, సీఎన్ వంటి అణువుల గీతల్లో జీమన్ చీలిక, అంటే క్షేత్రం వల్ల ఒక గీత దగ్గరదగ్గరగా చీలడం, వెతకాలి. అదైనా మన చూపు వెంట ఉన్న భాగాన్నే చెబుతుంది. చంద్రశేఖర్, ఫెర్మీ 1953లో చూపిన దారి ఇంకొకటి: దిశలు ఎంత చెదిరాయో చూసి, వాయువు సాంద్రత, వేగాలు కలిపి అంచనా కట్టడం. కష్టమైనా నాకు జీమన్ మీదే గురి.