చిక్కబడిన అంబలి: సైటోసాల్ నుంచి సికిల్ సెల్ దాకా

సికిల్ సెల్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, సన్నటి నాళాల్లో ఇరుక్కుని నొప్పులు తెచ్చే, వంశపారంపర్యంగా వచ్చే జబ్బు. పాడేరు బస్సు దిగి విశాఖలో ఆసుపత్రికి వచ్చే సికిల్ సెల్ పిల్లల అమ్మానాన్నలకు డాక్టర్లు మందులతో పాటు ఒక మాట చెబుతారు: నీళ్లు బాగా తాగించండమ్మా. జ్వరానికీ, వడదెబ్బకీ చెప్పే మాటే కదా అని అది చెవిన పడీ పడనట్టు పోతుంది. నేనూ అదేదో అలవాటుగా అనే మాట అనుకునేవాణ్ణి. తీరా చూస్తే దాని వెనక నూరేళ్లకు పైబడిన కథ ఉంది. ఆ కథ కణంలోని ఒక ద్రవానిది.

స్కూల్లో కణం బొమ్మ గీసి న్యూక్లియస్‌కి, మైటోకాండ్రియాకి బాణం గుర్తులు పెట్టేవాళ్లం. వాటి చుట్టూ ఉన్న జాగాకు ఎవరూ పేరు రాయించలేదు. అందులో నిండి ఉన్న ద్రవమే సైటోసాల్. కాలేయ కణంలో సగానికి కాస్త ఎక్కువే అది ఆక్రమిస్తుంది. శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం దాన్ని ఖాళీ కిందే లెక్కేశారు. 1897లో జర్మనీలో ఎడ్వర్డ్ బూక్నర్ ఈస్ట్‌ను ఇసుకతో నూరి రసం పిండాడు. పాడవకుండా ఉంటుందని అందులో చక్కెర వేశాడు. అది కాస్తా బుడగలు కక్కింది. బతికున్న కణం ఒక్కటీ లేకుండానే చక్కెర పులిసిందన్నమాట! దానికే 1907లో నోబెల్ వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో కణాలను చితక్కొట్టి సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పడం మొదలైంది. బరువైనవన్నీ అడుక్కి చేరేవి, పైన తేట మిగిలేది. ఆ తేటకు 1965లో హెన్రీ లార్డీ పెట్టిన పేరే సైటోసాల్.

ఈ కథలో మనవాడూ ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ 1929లో కండరాల్లో ఏటీపీని, అంటే కణానికి శక్తినిచ్చే అణువును, గుర్తించాడు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని పట్టుకున్నాడు. చక్కెరను విరిచి ఏటీపీ తయారుచేసే తొలి పొయ్యి ఉండేది సైటోసాల్‌లోనే. మన ఎర్ర రక్తకణానికైతే ఆ ఒక్క పొయ్యే దిక్కు. దానికి న్యూక్లియస్ లేదు, మైటోకాండ్రియా లేవు. పైన పొర, లోపల సైటోసాల్, అంతే. ఆ ద్రవంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ డెసిలీటరుకు దాదాపు 34 గ్రాములుంటుంది. చందనోత్సవం రోజు సింహాచలం క్యూలైన్‌లా ఒకదాన్నొకటి రాసుకుంటూ కదులుతుంటాయి ఆ అణువులు. మామూలు హిమోగ్లోబిన్‌కు ఆ ఇరుకులోనూ ఇబ్బంది లేదు.

1910లో షికాగో డాక్టర్ జేమ్స్ హెరిక్, గ్రెనడా నుంచి వచ్చిన ఒక విద్యార్థి రక్తంలో కొడవలి ఆకారపు కణాలను చూసి రాశాడు. తప్పు కణం పొరలో లేదనీ, లోపలి హిమోగ్లోబిన్ అణువులోనే ఉందనీ 1949లో లైనస్ పౌలింగ్ బృందం తేల్చింది. కొన్నేళ్లకే వెర్నన్ ఇంగ్రామ్ ఆ తప్పు ఎక్కడుందో చూపించాడు. హిమోగ్లోబిన్‌లోని బీటా అనే ప్రోటీన్ గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ అనే మరో అమైనో ఆమ్లం ఉంది. మనదేశంలో 1952లో నీలగిరి గిరిజనుల్లో తొలిసారి ఇది బయటపడింది. మలేరియా ఉన్న చోట ఈ జన్యువు ఒక్క ప్రతినే మోస్తున్నవాళ్లకు, అంటే వాహకులకు, రక్షణ దొరుకుతోందని 1954లో ఆంథొనీ అల్లిసన్ చెప్పాడు. మన ఏజెన్సీలో ఇది నిలిచి ఉండడానికి కారణం అక్కడే దొరుకుతుంది. వాహకులైన ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం.

సికిల్ హిమోగ్లోబిన్‌ను పట్టే సొల్యుబిలిటీ టెస్ట్ దగ్గర నిలబడితే ఇదంతా కంటికే కనిపిస్తుంది. చిన్న ట్యూబులో రసాయనం పోసి కొద్దిగా రక్తం కలుపుతారు. ఆ రసాయనం కణాలను పగలగొట్టి ఆక్సిజన్‌ను లాగేస్తుంది. కొద్ది నిమిషాలాగి ట్యూబు వెనక నల్లగీతల కార్డు పెడతారు. మామూలు రక్తమైతే గీతలు చక్కగా కనిపిస్తాయి. సికిల్ హిమోగ్లోబిన్ ఉంటే ట్యూబు కుడితినీళ్లలా మసకబారి గీతలు మాయమైపోతాయి. జబ్బా, వాహకులా అన్నది మాత్రం ఇందులో తేలదు, దానికి హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ లాంటి పరీక్ష చేయాలి.

ఆక్సిజన్ వదిలాక సికిల్ హిమోగ్లోబిన్ డెసిలీటరుకు సుమారు 16 గ్రాములే కరిగి ఉండగలదు. కణంలో ఉన్నదేమో దానికి రెట్టింపు. మిగిలింది గడ్డకట్టి కణాన్ని కొడవలిలా వంచేస్తుంది. మరి కణాలన్నీ వెంటనే ఎందుకు గడ్డకట్టవు? గడ్డకట్టడానికి ముందు కొంత జాప్యం ఉంటుంది కాబట్టి. ఆలోపు కణం సన్నటి రక్తనాళాలు దాటి ఊపిరితిత్తులకు చేరిపోతే గండం గడిచినట్టే. ఆ జాప్యం హిమోగ్లోబిన్ చిక్కదనం మీద విపరీతంగా ఆధారపడి ఉంటుందని 1970ల్లో విలియం ఈటన్, జేమ్స్ హాఫ్రిక్టర్ లెక్కగట్టారు. సుమారు 30వ ఘాతం. అంటే చిక్కదనం 5 శాతం తగ్గితే గడువు నాలుగు రెట్లు దాటి పెరుగుతుంది! చోడి అంబలి కాచినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. చెంబుడు నీళ్లు తగ్గాయా, గరిట తిరగదు.

డాక్టర్ల నీళ్ల మాటకు మూలం ఇదే. కాకపోతే తాగిన నీళ్లన్నీ కణంలోకి పోవు. వంకర తిరిగిన ప్రతిసారీ పొర సందుల్లోంచి కాల్షియం సైటోసాల్‌లోకి చొరబడుతుంది. అది పొటాషియం బయటికి పోయే ఒక ద్వారాన్ని తెరుస్తుంది, పొటాషియం వెంట నీళ్లూ పోతాయి. అలా ఎండిన కణం ఇంకా తొందరగా వంకర పోతుంది. ఆ ద్వారాన్ని మూసే సెనికాపాక్ అనే మందును పరీక్షించారు. కణాలు పగలడం తగ్గింది గానీ నొప్పులు తగ్గలేదు. ఎక్కువమందికి పనికొచ్చింది పాత మందు హైడ్రాక్సీయూరియానే. అది పసితనపు హిమోగ్లోబిన్‌ను పెంచి ఆ గుంపులో అడ్డం నిలబెడుతుంది. సికిల్ సెల్‌కు అమెరికాలో 1998లో దాన్ని అనుమతించారు.

మన్యానికి సైటోసాల్‌తో ఇంకో పేచీ కూడా ఉంది. వైవాక్స్ మలేరియాకు 14 రోజులు ఇచ్చే ప్రిమాక్విన్ అనే మాత్ర, ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ ఎంజైమ్ తక్కువున్నవాళ్ల ఎర్రకణాలను పగలగొడుతుంది. ఆ ఎంజైమ్ ఉండేదీ సైటోసాల్‌లోనే. మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారితే మాత్ర ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్ల లోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి జబ్బును నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. పరీక్ష ఒకసారితో అయిపోతుంది గానీ నీళ్లు రోజూ తాగాలి. అందులోనూ చలికాలం గడ్డుకాలం. మంచు చూద్దామని విశాఖ నుంచి కార్లు లంబసింగికి బారులు తీరే రోజుల్లోనే రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఎర్రకణం నడక మందగిస్తుంది. ఆ చలిలో దాహం కూడా వేయదు.