ఎండకూ చలికీ ఒక పద్దు పుస్తకం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

ఏప్రిల్‌లో 300 యూనిట్లు కాలిన కరెంటు మే నెలలో 320కి చేరిందని అమ్మ ఏసీ రిమోటు దాచేసిందట. తప్పెవరిదో తేల్చే ముందు ఆ రెండు నెలల్లో ఎండ ఎంత కాసిందో చూడాలి. అందుకు వాడే కొలతను డిగ్రీ-దినం అంటారు.

ఒక రోజు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను కలిపి సగం చేసి, ఆ సగటులోంచి మనం ఎంచుకున్న ఆధార ఉష్ణోగ్రతను తీసివేస్తే ఆ రోజు డిగ్రీ-దినాలు వస్తాయి. ఆధారం 26 అనుకుంటే, 42, 28 నమోదైన రోజు సగటు 35, లెక్క 9. సగటు 26కు దిగువన ఉన్న రోజుకు సున్నాయే వేయాలి; వాన పడ్డ రోజు చల్లదనాన్ని దాచిపెట్టి మర్నాటి ఎండకు వాడుకోలేం కదా. కనుక నెల సగటుతో ఒకేసారి తేల్చకుండా ఏ రోజుకారోజు రాసుకుని నెలాఖరున కూడాలి.

ఆధారం దగ్గరే చాలామంది పొరబడతారు. అమెరికాలో అది 65 ఫారన్‌హీట్, అంటే మన 18.3 డిగ్రీలు; బయట అంతమాత్రం ఉంటే మనుషుల ఒంటి వేడి, దీపాలు, పొయ్యి వల్ల ఇల్లు తనంతట తానే వెచ్చబడుతుందని వాళ్ల లెక్క. చలికి లెక్క తిరగబడుతుంది, ఆధారంలోంచి సగటును తీసివేయాలి; కాబట్టి షికాగోలో ఉన్న చిన్నవాడు సగటు మైనస్ 5 ఉన్న రోజుకు సుమారు 23 చలి డిగ్రీ-దినాలు రాసుకుని గ్యాసు బిల్లుతో సరిపోల్చుకోవచ్చు. అక్కడ చలికాలం రెండు ముక్కలు కాకుండా జూలై 1 నుంచి జూన్ 30 వరకు ఏడాదిగా లెక్కిస్తారు, మన వ్యవసాయ సంవత్సరంలాగా. అదే 18ని హైదరాబాదుకు పెడితే, జనవరిలో 29, 15 ఉన్న రోజుకు కూడా 4 డిగ్రీ-దినాలు పడతాయి. ఆ రోజు ఏసీ ముట్టుకునేవాడెవడు? ఎంత సగటు దాటాక మీ యూనిట్లు పెరగడం మొదలవుతుందో పాత బిల్లుల్లోనే కనబడుతుంది, దాన్నే ఆధారం చేసుకోండి. మన ఇంటికి అది 26 అని తేలింది.

ఇక అంకెలు తెచ్చుకునే చోటు. హైదరాబాదు అంకెలు ఆదిలాబాదుకు పనికిరావు. తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంస్థకు మండల స్థాయిలో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి కాబట్టి మీకు దగ్గరి కేంద్రాన్ని ఎంచుకుని ఏడాదంతా దాన్నే పట్టుకోండి. నేను మొదట్లో సొంత థర్మామీటరును డాబా మీద పడమటి గోడకు మేకు కొట్టి తగిలించాను. అది గాలి వేడిని వదిలేసి గోడ వేడిని కొలిచింది, నెల రోజుల పేజీ మొత్తం కొట్టేయాల్సి వచ్చింది. వాతావరణ శాఖవారు తెల్లరంగు వేసిన, గాలి ఆడే చెక్కపెట్టెలో నీడన పెట్టేది ఊరికే కాదు. ఏ రోజైనా అంకె దొరకకపోతే గీత పెట్టండి. సున్నా వేస్తే ఆ రోజు ఎండే లేదని అర్థం.

విశాఖలోని పెద్దదానికి ఒక మాట. డిగ్రీ-దినానికి ఉక్కపోత తెలియదు. గాలిలో తేమను నీరుగా పిండడానికి కూడా ఏసీకి కరెంటు ఖర్చవుతుంది కాబట్టి, మీ లెక్కను వరంగల్ లెక్క పక్కన పెట్టి పోట్లాడుకోవద్దు. నిరుటి మీ లెక్కతోనే పోల్చుకోండి.

ఇప్పుడు అమ్మ ఫిర్యాదు. ఏసీ వేయని జనవరిలో 120 యూనిట్లు అయ్యాయి. అది ఫ్రిజ్జు, మోటారు, లైట్ల ఖర్చు. ఏప్రిల్‌లో మిగిలిన 180 యూనిట్లకు 180 డిగ్రీ-దినాలున్నాయి, ఒక్కోదానికి ఒక యూనిట్. మే నెలలో 200 యూనిట్లకు 250 ఉన్నాయి, ఒక్కోదానికి 0.8. బిల్లు పెరిగినా మీరు పొదుపుగానే వాడారు. అయితే మీటరు రీడింగు 12న తీస్తారు, నేను మాత్రం డిగ్రీ-దినాలను ఒకటో తేదీ నుంచి లెక్కగట్టాను. మీ బిల్లుల మీది తేదీలు రాసి పంపండి, 12 నుంచి 11 వరకు మళ్లీ కూడి చెబుతాను. అందాకా రిమోటు అమ్మ దగ్గరే ఉండనివ్వండి.

మీ తాతయ్య