తెల్ల ప్లాస్టిక్ హెల్మెట్ కూర్చబోయే పిల్లలకు

చిరంజీవులు మేఘనకు, కౌశిక్‌కు పెదనాన్న ఆశీస్సులు.

స్టార్ వార్స్ సినిమాలో తెల్ల కవచం తొడిగే సైనికుడు స్టార్మ్‌ట్రూపర్ హెల్మెట్ కిట్టు మీకు అందిందని, ఆ వేషంలోనే అభిమానులు కలుసుకునే కామిక్ కాన్ వేడుకకు వెళ్ళాలని ఉబలాటపడుతున్నారని మీ నాన్న చెప్పాడు. పెట్టె తెరవగానే కత్తెర పట్టుకోవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. రంగు పాడైతే తుడిచి మళ్ళీ వేసుకోవచ్చు, బెజ్జం పక్కకు పోతే పూడ్చుకోవచ్చు. కానీ కావలసిన దానికన్నా ఎక్కువ కోసేస్తే దాన్ని సరిదిద్దడం చాలా కష్టం.

ఆ ముక్కలు ఎలా తయారయ్యాయో ముందు తెలుసుకోండి. ఏబీఎస్ అనే ప్లాస్టిక్ రేకును మెత్తబడే దాకా వేడిచేసి, అచ్చు మీద పరిచి, కింది నుంచి గాలిని లాగేస్తారు. అప్పుడు పైనున్న గాలి ఒత్తిడికి రేకు అచ్చుకు అతుక్కుపోయి, చల్లారాక అదే ఆకారంలో బిగుసుకుంటుంది. ఈ పద్ధతిని వాక్యూమ్ ఫార్మింగ్ అంటారు. 1977లో విడుదలైన మొదటి సినిమాకు లండన్ శివారులోని ట్వికెన్‌హామ్‌లో ఆండ్రూ ఎయిన్స్‌వర్త్ హెల్మెట్లు తయారుచేసింది కూడా ఇలాగే. మీరు ఆడుకున్న లెగో ఇటుకలను 1963 నుంచి ఈ ఏబీఎస్‌తోనే చేస్తున్నారు. అచ్చులో లోతు ఎక్కువగా ఉన్నచోట రేకు సాగి పలచబడుతుంది. ముఖం ముక్కను కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూస్తే, కొన్నిచోట్ల కాంతి ఎక్కువగా దిగుతున్నట్టు కనిపిస్తుంది. అవే పలచటి చోట్లు. అక్కడ బ్లేడును అదిమితే రేకు చీలిపోతుంది కనుక వాటిని ముందే పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.

ఇంకో సంగతి మీకు వింతగా తోచవచ్చు. అసలు హెల్మెట్ రూపాన్ని చేత్తో మలిచారు కాబట్టి దాని రెండు పక్కలూ అచ్చంగా ఒకేలా ఉండవు. మీ కిట్టు ఆ రూపానికి నమ్మకమైన నకలు అయితే, ఒక కన్ను కాస్త పైకి, ఒక చెంప కాస్త లోపలికి ఉన్నట్టు కనిపించవచ్చు. అది లోపమనుకుని ఆకురాయితో రెండు పక్కలనూ సమం చేయబోతే హెల్మెట్ అందం పోతుంది. ఆ వంకరతో సహా ఆ రూపం నాకు ఎంతో ఇష్టం. మాటల్లో మాటగా చెబుతున్నాను, ఈ హెల్మెట్ శిల్పమా కాదా అన్న వివాదం బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇది సినిమా కోసం చేసిన వస్తువే తప్ప చట్టం దృష్టిలో శిల్పం కాదని 2011లో ఆ కోర్టు తీర్పు చెప్పింది.

ఇక పనిలోకి వద్దాం. పెట్టెలో ముఖం ముక్క, నడినెత్తినీ వెనుక భాగాన్నీ కప్పే పెద్ద ముక్క, రెండు చెవులు, ఆకుపచ్చ అద్దపు రేకు, రబ్బరు అంచులు, గడ్డానికి రెండు పక్కలా బిగించే మైకు తలల వంటి చిన్న భాగాలు ఉంటాయి. ముక్కల చుట్టూ అచ్చు దగ్గర మిగిలిపోయిన అదనపు అంచు ఉంటుంది. దర్జీ లోపల గుడ్డ వదిలి కుట్టినట్టు, మీరు కూడా కిట్టు ముక్క మీద కోతకు గీసిన గీత దగ్గర కాకుండా దానికి రెండు మూడు మిల్లీమీటర్ల అవతలే కోయండి. తిన్నటి గీత ఉన్నచోట కట్టర్‌తో అదమకుండా నాలుగైదుసార్లు గీసి, మెల్లగా వంచితే ముక్క దానంతటదే విరిగి వస్తుంది. వంపు ఉన్నచోట వంపు మొన గల చిన్న కత్తెర వాడండి. తిరిగే యంత్రపు పనిముట్టు వాడవలసి వస్తే దాన్ని నాన్న పట్టుకోవాలి, అదీ తక్కువ వేగంతో. వేగం పెరిగితే ఏబీఎస్ తెగడానికి బదులు కరిగి బ్లేడుకు ముద్దగా అంటుకుంటుంది. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు మాస్కు పెట్టుకోండి. కోసిన చిన్న ముక్కలను పారేయకుండా ఒక గాజు సీసాలో దాచిపెట్టండి. వాటి అవసరం తరువాత వస్తుంది.

కళ్ళు కోసేటప్పుడు లోపలి వైపు వరుసగా చిన్న బెజ్జాలు వేసి, వాటిని కలుపుతూ మధ్య భాగాన్ని తీసేసి, మిగిలినదాన్ని ఆకురాయితో గీత దాకా తీసుకురండి. మూతి దగ్గర పళ్ళలా కనిపించే సందులకూ అదే పద్ధతి.

ముఖాన్నీ వెనుక ముక్కనూ కలపడం అన్నిటికన్నా ఓపిక కోరే పని. ముఖం పైఅంచు నెత్తి ముక్క కిందికి దూరుతుంది. పక్కల ఒకదాని మీద ఒకటి ఎక్కిన అంచులను చెవులు కప్పేస్తాయి. బెజ్జం వేయకముందు మాస్కింగ్ టేపుతో రెండింటినీ కలిపి, తలకు పెట్టుకుని అద్దంలో చూసుకోండి. నెత్తి ముక్క ముందుకు వాలితే కళ్ళు చిన్నవై కోపంగా కనిపిస్తాయి, వెనక్కి జరిగితే నుదురు పెద్దదై బిత్తరచూపు వస్తుంది. పక్కలను దగ్గరికి లాగితే ముఖం కోలగా మారుతుంది. టేపు విప్పి మళ్ళీ అతికించడానికి విసుగుపడకండి. నచ్చిన భంగిమ కుదిరాక లోపల పెన్సిలుతో గీత గీసి, పక్కకు ఒక బెజ్జం చొప్పున వేసి, చిన్న బోల్టులతో తాత్కాలికంగా బిగించండి. అంతా సరిపోయిందని తేలాకే రివెట్లు కొట్టాలి.

చెవుల దగ్గర చాలామంది తొందరపడతారు. చెవి ముక్క అంచు హెల్మెట్ వంపును ఎక్కడా సందు లేకుండా ఆనుకోవాలి. కానీ ఒక్కో హెల్మెట్‌కు ఆ వంపు ఒక్కో తీరుగా కుదురుతుంది కాబట్టి కిట్టులో గీసిన గీతను పూర్తిగా నమ్మకూడదు. చెవిని ఆనించి, ఎక్కడ తగులుతోందో చూసి, అక్కడ మాత్రమే కొంచెం అరగదీసి, మళ్ళీ ఆనించి చూడాలి. ఒక్కో చెవికి ఒక సాయంత్రమంతా పట్టినా పరవాలేదు. చివరికి గోరంత సందు మిగిలితే అప్పుడు సీసాలోని ముక్కలను బయటికి తీయండి. వాటిలో కొంచెం అసిటోన్ పోస్తే కరిగి తెల్లటి లేహ్యంలా అవుతుంది. అసిటోన్ ఆవిరవుతున్నకొద్దీ ఆ లేహ్యం కుంచించుకుపోతుంది కనుక ఒకేసారి మందంగా నింపకుండా పలచగా పూసి, ఒక రోజు ఆరనిచ్చి, మళ్ళీ పూయాలి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి పొయ్యికీ దీపానికీ దూరంగా, కిటికీలు తెరిచి, పెద్దలు దగ్గరుండగానే ఈ పని చేయండి. లోపలి చిన్న భాగాలకు ఆరాక కూడా కాస్త సాగే జిగురు వాడితే, అవసరమైనప్పుడు ఊడదీయవచ్చు. సూపర్ గ్లూ పెళుసుగా బిగుసుకుంటుంది, దాని ఆవిరికి చుట్టూ తెల్లటి మసక కూడా పడుతుంది.

రంగుల సంగతి తేలిక. తెల్ల ఏబీఎస్‌కు దానికే మెరుపు ఉంటుంది కాబట్టి ఒళ్ళంతా రంగు అక్కరలేదు. మూతికి బూడిద రంగు, చెంపల మీది చారలకు నీలం, మిగతా వివరాలకు నలుపు సరిపోతాయి. కుంచెతో వేసిన గీతలో చిన్న వణుకు కనిపించినా అలాగే ఉంచండి.

ఇక తల లోపలి ఏర్పాటు. మీ తలలు ఇంకా చిన్నవి, ఈ హెల్మెట్ పెద్దవాళ్ళ కొలతది. అందుకని నుదుటికీ నడినెత్తికీ వెనకకూ స్పాంజి ముక్కలు అంటించి, తల ఊపినా కదలకుండా చూసుకోండి. ఊపిరికి అద్దం మసకబారుతుంది, కాబట్టి లోపల బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను పెట్టించుకోండి. దీన్ని పెట్టుకుంటే మీ పాదాలు మీకే కనిపించవు. మెట్ల దగ్గర, జనంలో ఒకరు వేషంలో ఉంటే మరొకరు వేషం లేకుండా చెయ్యి పట్టుకుని నడిపించాలి.

పని మధ్యలో కానీ, పూర్తయ్యాక కానీ హెల్మెట్‌ను మన ఎండాకాలంలో కారులో వదిలేయకండి. ఏబీఎస్ మెత్తబడేది సుమారు 105 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అయినా, అంతకు తక్కువ వేడికే జిగురు వదులై పలచటి చోట్లు ఒంగిపోవచ్చు. నేరుగా ఎండ తగిలితే తెలుపు పసుపుబారుతుంది కూడా.

టేపుతో కలిపి చూసినప్పుడు ముందు నుంచి ఒకటి, రెండు పక్కల నుంచి ఒక్కొక్కటి ఫొటోలు తీసి పంపండి. చెవులు కోయకముందే చూసి, ఎక్కడ అరగదీయాలో చెబుతాను.

మీ పెదనాన్న