పెట్టె గుట్టు ఎవరి సొత్తు?

మ్యాజిక్ గుట్టును వీడియోల్లో విప్పి చూపేవారిపై ఇంద్రజాలికులు మండిపడుతుంటారు. ఈ తగవు ఇంటర్నెట్ కంటే చాలా పాతది. మనిషిని పెట్టెలో పడుకోబెట్టి రంపంతో రెండుగా కోసే ప్రదర్శన చుట్టూ అది కోర్టు దాకా వెళ్లింది.

ఆ కోతను 1921 జనవరి 17న లండన్‌లోని ఫిన్స్‌బరీ పార్క్ ఎంపైర్ థియేటర్‌లో పి.టి. సెల్బిట్ అనే ఇంద్రజాలికుడు టికెట్టు కొన్న జనానికి తొలిసారి చూపించాడు. (అసలు ఇంటిపేరు టిబుల్స్, ఇంగ్లిష్‌లో Tibbles. తిరగేసి రాసి, ఒక ‘b’ తీసేసుకున్నాడు.) బెట్టీ బార్కర్ అనే సహాయకురాలి చేతులకు, కాళ్లకు, మెడకు తాళ్లు కట్టి, కొసలు ప్రేక్షకులకే పట్టుకోమని ఇచ్చాడు. మూత వేసి, పెట్టెను అడ్డంగా కోశాడు. కోత కన్నా ప్రచారంలోనే ఈయన ఘనుడనిపిస్తుంది. ఆటకూ ఆటకూ మధ్య సిబ్బంది బకెట్లలో నెత్తుటి రంగు నీళ్లు తెచ్చి, వీధిలో వరుస కట్టిన జనం చూస్తుండగా కాలువలో కుమ్మరించేవారు. మహిళల ఓటు హక్కు కోసం పోరాడిన క్రిస్టబెల్ పాంక్‌హర్స్ట్‌ను వారానికి 20 పౌండ్లకు పెట్టెలో పడుకోమని అడిగాడు కూడా. ఆమె రానన్నారు.

సెల్బిట్ అమెరికా చేరేసరికి అక్కడ హోరేస్ గోల్డిన్ అనే మరో ఇంద్రజాలికుడు కాచుకుని ఉన్నాడు. తల, చేతులు, పాదాలు పెట్టె బయటికి కనిపించేలా తనదైన కోత తయారుచేసుకుని, ప్రదర్శనకు పెట్టదగ్గ పేర్లన్నీ ముందే నమోదు చేయించాడు. అంతటితో ఆగక 1923లో పేటెంట్ తీసుకున్నాడు. చిక్కు అక్కడే వచ్చింది. పేటెంట్ కావాలంటే పనితీరు బొమ్మలతో సహా రాసివ్వాలి, ఆ కాగితాలు ఎవరైనా చూడవచ్చు. పదేళ్ల తర్వాత క్యామెల్ సిగరెట్ల ప్రకటనలో ఆ గుట్టు అచ్చయింది. గోల్డిన్ దావా వేశాడు. తానే లోకానికి వెల్లడించినదాన్ని రహస్యమనడం కుదరదంటూ 1938లో కోర్టు కొట్టేసింది. ఈలోగా ఆయన పెట్టెనే వదిలేసి, గుండ్రటి కరెంటు రంపంతో బాహాటంగా కోయడం మొదలుపెట్టాడు.

అలాంటి కరెంటు రంపంతోనే మన దేశపు ఇంద్రజాలికుడు పి.సి. సర్కార్ 1956 ఏప్రిల్ 9న బీబీసీ టీవీ కార్యక్రమం ‘పనోరమా’లోకి వచ్చాడు. పదిహేడేళ్ల దీప్తి డేను కోశాడు. ఆమె చేతులు రుద్దాడు, పిలిచాడు. ఆమె పలకలేదు. ముఖంపై నల్లగుడ్డ కప్పాడు. వెంటనే వ్యాఖ్యాత రిచర్డ్ డింబుల్బీ కెమెరా ముందుకొచ్చి కార్యక్రమం ముగిసిందన్నాడు. అమ్మాయి చనిపోయిందనుకున్న వీక్షకుల ఫోన్లతో బీబీసీ లైన్లు స్తంభించాయి. సమయం మించిపోయిందని సంస్థ వివరణ ఇచ్చింది. క్షణాల లెక్కన ప్రదర్శన నడిపే సర్కార్‌కు ఆ రోజే గడియారం గుర్తులేకపోయిందంటే నమ్మడం కష్టం. మర్నాడు పత్రికల మొదటి పేజీల్లో ఆ కోతే. లండన్ డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్‌లో ఆయన ప్రదర్శనలకు టికెట్లన్నీ అమ్ముడుపోయాయి.