మన రొయ్యకీ, ఉక్రెయిన్ యుద్ధానికీ ఏమిటి సంబంధం?

ఆకివీడు,
14 సెప్టెంబర్ 2025.

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో బుజ్జి అడిగింది గుర్తుందా, "తాతయ్యా, అమెరికా ప్రెసిడెంట్‌కి మన రొయ్యల మీద కోపం ఎందుకు?" అని. "నీకెందుకే అవన్నీ, వెళ్ళి చదువుకో" అన్నాడు మీ నాన్న. నాకు మాత్రం ఆ ప్రశ్న రెండు రోజులు బుర్రలోంచి పోలేదు. ఇది మీరు తెలుసుకోవాల్సిన సంగతే. తీరిగ్గా రాస్తున్నాను, ఇద్దరూ కలిసి చదవండి.

వేసవి సెలవుల్లో చెరువులోంచి చెక్ ట్రే, అదే రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్ళెం, పైకి లాగితే గాజుముక్కల్లా ఎగిరి పడ్డాయి కదా, అవి వనామి రొయ్యలు. పుట్టిల్లు మన దగ్గర కాదు. లాటిన్ అమెరికాకి పడమటి వైపున్న పసిఫిక్ తీరం. 2009లో వాటిని మన దేశంలో పెంచడానికి అనుమతిచ్చారు. అంతకుముందు మేం టైగర్ రకం రొయ్య వేసేవాళ్ళం. తెల్లమచ్చ రోగం తగిలిందంటే వారం తిరిగేసరికి చెరువు ఖాళీ. వనామి వచ్చాకే ఈ ప్రాంతం మళ్ళీ నిలదొక్కుకుంది. ఇప్పుడు మన దేశం ఏటా 60 వేల కోట్ల రూపాయల పైచిలుకు సముద్ర ఉత్పత్తులు అమ్ముతోంది. ఆ డబ్బులో ఎక్కువ భాగం రొయ్యలదే. దేశంలో అందరికంటే ఎక్కువ రొయ్యలు పండించేది మన ఆంధ్ర, అందరికంటే ఎక్కువ కొనేది అమెరికా.

ఆ అమెరికా ఆగస్టు 7 నుంచి మన సరుకు మీద 25 శాతం సుంకం వేసింది. మనం రష్యా దగ్గర చమురు కొంటున్నామని ఆగస్టు 27 నుంచి ఇంకో 25 కలిపింది. మొత్తం 50. రొయ్యల మీద ఎప్పటినుంచో ఉన్న వేరే సుంకాలు దీనికి అదనం.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. సుంకం మనం వెళ్ళి కట్టం. అమెరికాలో సరుకు దించుకునే వ్యాపారి అక్కడి ప్రభుత్వానికి కడతాడు. 100 రూపాయల సరుకు అతనికి 150 పడుతుంది. అదే ఈక్వెడార్ రొయ్య అయితే 115, ఎందుకంటే వాళ్ళ మీద వేసింది 15 శాతమే. పైగా వాళ్ళ ఓడ తొందరగా చేరుతుంది. అప్పుడు ఆ వ్యాపారి మన ఎగుమతిదారుకి ఫోన్ చేసి "రేటు తగ్గిస్తావా, అక్కడ కొనుక్కోనా?" అంటాడు. ఎగుమతిదారు ఏజెంటుకి చెబుతాడు, ఏజెంటు చెరువు గట్టు మీదికొచ్చి నాకు చెబుతాడు.

అలా వచ్చిన రోజు నేను పట్టుబడికి సిద్ధంగా ఉన్నాను. వలలు తెచ్చారు, ఐసు లారీ వచ్చి నిలబడింది. తూకం వేస్తే 40 కౌంట్ వచ్చింది, అంటే కిలోకి 40 రొయ్యలు, మంచి సైజు. అంతకు రెండు రోజుల ముందు ఒప్పుకున్న రేటు ఇప్పుడు లేదన్నాడు ఏజెంటు. వద్దని వెనక్కి పంపడానికి లేదు. రోజు గడిస్తే మేత ఖర్చు, కరెంటు ఖర్చు, రోగం భయం. ఇచ్చేశాను. నా సంగతి సరే, మన వీధిలోంచి తెల్లవారుజామున వ్యాన్ ఎక్కి ప్లాంటుకి వెళ్ళే ఆడవాళ్ళున్నారే, రొయ్యల తలలు తీసి పెంకు వలిచేవాళ్ళు, వాళ్ళకి ఇప్పుడు వారంలో మూడు రోజులే పని. ఐసునీళ్ళలో నానిపోయి వాళ్ళ వేళ్ళు ఎలా ఉంటాయో ఈసారి చూద్దురుగాని.

ఇంతకీ రష్యా చమురు సంగతి. మనం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్ళ పైనే బయటినుంచి తెచ్చుకోవాలి. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేశాక యూరప్ వాళ్ళు రష్యా చమురు తగ్గించుకున్నారు. రష్యా ధర తగ్గించి అమ్మజూపింది. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో రష్యా చమురు నూటికి రెండు పాళ్ళు కూడా లేదు. తర్వాత మూడో వంతు దాటింది. 'మీరిచ్చే డబ్బుతోనే అక్కడ యుద్ధం నడుస్తోంది' అని అమెరికా అంటోంది. 'మా ప్రజల అవసరం మాది, మీరూ రష్యా దగ్గర యురేనియం, ఎరువులు కొంటున్నారుగా' అని మన ప్రభుత్వం అంటోంది.

బుజ్జీ, ఇప్పుడు నువ్వు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. రష్యా చమురు మనకంటే ఎక్కువ కొనేది చైనా. మరి దాని మీద ఈ జరిమానా సుంకం ఎందుకు లేదు? కార్లలో, విమానాల్లో వాడే ప్రత్యేకమైన అయస్కాంతాలకి కావలసిన అరుదైన ఖనిజాలు చైనా చేతిలో ఉన్నాయి. ఈ ఏప్రిల్‌లో చైనా వాటికి బిగింపు వేసేసరికి అమెరికా ఫ్యాక్టరీలు కంగారుపడ్డాయి. మన రొయ్య రాకపోతే ఈక్వెడార్ రొయ్య దొరుకుతుంది. ఆ అయస్కాంతం మాత్రం అంత తేలిగ్గా ఇంకోచోట దొరకదు. నాకు తెలిసినంతలో అసలు జవాబు ఇదే. కోపం కంటే, ఎవరి పిలక ఎవరి చేతిలో ఉందన్నదే ముఖ్యం.

ఇది నేను చిన్నప్పుడే చూశాను. మా బళ్ళో మధ్యాహ్నం గోధుమరవ్వ ఉప్మా పెట్టేవారు, పాలపొడి కలిపిన పాలు పోసేవారు. అదంతా అమెరికా నుంచి వచ్చేది. పీఎల్-480 అనే చట్టం కింద వాళ్ళ దగ్గర మిగిలిన గోధుమలు మనకి ఇచ్చేవారు. 1965, 66లో వరసగా వానలు లేవు. వియత్నాం మీద అమెరికా బాంబులు వేయడం తప్పని మన దేశం అంటే అప్పటి ప్రెసిడెంట్ జాన్సన్‌కి నచ్చలేదు. గోధుమ ఓడల్ని ఒకేసారి వదలకుండా నెలనెలా లెక్కపెట్టి పంపించాడు. రేవులో దిగిన గింజ దిగినట్టే నోట్లోకి పోయే పరిస్థితి. ఆ అవమానం మన పెద్దల్ని కుదిపేసింది. 1966లో మెక్సికో నుంచి ఎక్కువ దిగుబడినిచ్చే గోధుమ విత్తనం 18 వేల టన్నులు తెప్పించారు. మన జిల్లాలోనే ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు 1967లో ఐఆర్-8 అనే ఎక్కువ దిగుబడినిచ్చే వరి పండించి చూపించారు. గింజ కోసం చెయ్యి చాచడం అలా మానుకున్నాం. రొయ్య విషయంలో మాత్రం ఇన్నేళ్ళూ ఒక్క అమెరికానే నమ్ముకుని కూర్చున్నాం. ఎగుమతిదారులూ, ప్రభుత్వాలూ, మేమూ అందరం చేసిన తప్పే ఇది. జూలైలో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం అమల్లోకి వస్తే అక్కడ మన రొయ్యల మీద సుంకం పోతుంది. మంచిదే. కానీ అమెరికా కొనేంత వాళ్ళు కొనలేరు.

చిన్నీ, నువ్వు ఇంకోటి అడిగావు: "మరి ఉక్రెయిన్ వాళ్ళు పాపం కదా?" అని. పాపమేరా. 2022 మార్చిలో ఐక్యరాజ్యసమితిలో 141 దేశాలు రష్యా దాడిని తప్పుపట్టాయి. మనం ఓటు వేయలేదు. ఆ తర్వాత సమర్‌కండ్‌లో మన ప్రధాని పుతిన్‌కి ఎదురుగానే ఇది యుద్ధాల కాలం కాదని చెప్పారు. ఆ మాట నాకు నచ్చింది. ఓటు వేయకపోవడం నచ్చలేదు. చవకగా చమురు కొనడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ లాభం ఎవరికి పోయింది? చెరువు నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిప్పే జనరేటర్లో నేను పోసే డీజిల్ ధర పెద్దగా తగ్గలేదు. జరిమానా మాత్రం చెరువు గట్టు దాకా వచ్చింది. దీన్ని ఢిల్లీలో ఎవరైనా గట్టిగా అడగాలి.

టీవీలో మన ప్రధాని చైనా వెళ్ళి, అక్కడి అధ్యక్షుడితో చేతులు కలపడం చూశారట కదా. ఏడేళ్ళ తర్వాత వెళ్ళారు. 2020లో గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో మనవాళ్ళు 20 మంది చనిపోయారు. వాళ్ళలో సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు ఒకరు. ఆ చేతులు కలపడం చూస్తే నాకు మనసు చివుక్కుమంది. అయినా మాట్లాడటం మానేస్తే సరిహద్దులో ఇంకో సంతోష్ బాబు పోతాడు, అందుకని వెళ్ళడమే మంచిదనుకుంటున్నాను.

మూడు చెరువుల్లో ఈసారి రెండింటికే సీడ్, అంటే రొయ్యపిల్లలు, వేస్తున్నాను. మూడోది ఎండగట్టాను, నేల పగుళ్ళిచ్చింది. దసరాకి వచ్చేటప్పుడు మీ స్కూల్ అట్లాస్ తెచ్చుకోండి. ఈక్వెడార్ ఎక్కడుందో, మన విశాఖ నుంచి ఓడ ఎటు తిరిగి వెళ్తుందో ముగ్గురం కూర్చుని చూద్దాం. అమ్మమ్మ అరిసెలకి బియ్యం నానబోస్తానంటోంది.

ఇట్లు,
మీ తాతయ్య