బ్యూనస్ ఎయిర్స్‌లో దక్షిణం ఎందుకు వెనకపడింది? 1871 నుంచి నడుస్తున్న కథ

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ మ్యాప్‌లో తూర్పు నుంచి పడమరకి రివదావియా అని పొడుగాటి రోడ్డు ఉంటుంది, దాన్ని దాటగానే వీధుల పేర్లు కూడా మారిపోతాయి. ఉత్తరాన రెకొలేటా, పలేర్మో, బెల్గ్రానో, అన్నీ డబ్బున్నోళ్ళ ఏరియాలు. దక్షిణాన లా బోకా, బర్రాకాస్, ఇంకా కిందికి పోతే విల్యా లుగానో. లా బోకా అంటే మనకి రంగుల రేకుల ఇళ్ళు, టాంగో డాన్స్ గుర్తొస్తాయి గానీ టూరిస్టులు తిరిగే ఆ కమినితో వీధి వెనకాల ఉన్నది పేదల పేట.

మొదట్లో ఇలా లేదు. పెద్దింటి వాళ్ళలో చాలామంది దక్షిణంవైపు సాన్ తెల్మో, మోన్సెర్రాత్‌లలోనే ఉండేవాళ్ళు. 1871 జనవరి చివర్లో సాన్ తెల్మోలో ఎల్లో ఫీవర్ బయటపడింది, పరాగ్వే యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులతో వచ్చిందంటారు. ఊరి జనాభాయే 2 లక్షల లోపు, అందులో కొన్ని నెలల్లోనే 13 వేల మందికి పైగా పోయారు, ఏప్రిల్‌లో ఒక్కరోజే 500 మందికి పైగా చనిపోయిన రోజు కూడా ఉంది. దోమ వల్ల వస్తుందని అప్పటికి ఎవరికీ తెలీదు, గాలి చెడిందన్నారు, ఇటలీ నుంచి వచ్చిన కూలీల మీద పడ్డారు. దక్షిణ శ్మశానం నిండిపోయింది (ఇప్పుడది పార్కు), చకరితాలో కొత్తది తెరిచి శవపేటికల్ని రైల్లో తరలించారు. ప్రెసిడెంట్ సార్మియెంతో కూడా ఊరొదిలి వెళ్ళిపోయాడు.

అప్పటికే కొందరు ఉత్తరానికి మారుతున్నారు, ఈ జ్వరంతో మిగతావాళ్ళూ మూటాముల్లె సర్దేశారు. వదిలేసిన ఇళ్ళు ఏమయ్యాయన్నది అసలు విషయం. లోపలికి ఒకదాని వెనక ఒకటిగా వాకిళ్ళు, వాటి చుట్టూ గదులు ఉండే ఇళ్ళవి. ఓడల్లో దిగుతున్న యూరప్ వలస జనానికి గదికో కుటుంబం చొప్పున అద్దెకిచ్చేశారు, గుమ్మం దగ్గరే కుంపటి, వాకిట్లోనే బట్టలు ఉతుక్కోవడం, మరుగుదొడ్డి అందరికీ కలిపి. వీటినే కొన్వెంతిజ్యో అంటారు. 1907లో అద్దెలు పెంచితే వేలమంది అద్దె కట్టేది లేదని ఎదురు తిరిగారు, ఆడవాళ్ళు, పిల్లలు చీపుర్లు పట్టుకుని వీధుల్లోకొచ్చి ఓనర్లని ఊడ్చేస్తామన్నారు, చలికాలంలో వాళ్ళ మీద ఫైరింజన్ పైపులతో చన్నీళ్ళు కొట్టి ఖాళీ చేయించారు. ఈ ఊరి చరిత్రలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించే ఘట్టం ఇదే.

ఇంకోవైపు, ఊరి దక్షిణపు అంచున పారే రియాచ్వేలో నది. పశువుల్ని కోసి మాంసం ఉప్పు పట్టే కార్ఖానాలు రక్తం, వ్యర్థాలు అందులోకే వదిలేవి. జ్వరం తర్వాత వాటిని అక్కడ నిషేధించారు గానీ, తర్వాత్తర్వాత తోలు ఫ్యాక్టరీలు, మాంసం ప్లాంట్లు, ఆయిల్ కంపెనీలు అదే నది పక్కకి చేరాయి, అవతలి ఒడ్డున ఉన్న అవెజ్యానెదా ఊరు ఫ్యాక్టరీల ఊరైపోయింది. 1945 అక్టోబర్ 17న నిర్బంధంలో ఉన్న నాయకుడు పెరోన్‌ని (తర్వాత ప్రెసిడెంట్ అయ్యాడు) విడుదల చెయ్యమంటూ నగరం నడిబొడ్డున ఉన్న ప్లాసా దె మాయో కూడలికి నడిచొచ్చిన కార్మికుల్లో చాలామంది ఈ నది దాటి వచ్చినవాళ్ళే.

అవెజ్యానెదా దగ్గరే పెట్రోకెమికల్ ప్లాంట్ల పక్కన విల్యా ఇన్‌ఫ్లమాబ్లె అని ఒక బస్తీ ఉంది, అక్కడి పిల్లల రక్తంలో సీసం కనిపించింది. 2004లో నదీ తీరం జనం సుప్రీంకోర్టుకి వెళ్ళారు, 2006లో నది కోసం ప్రత్యేక సంస్థ పెట్టారు, 2008లో నదిని శుభ్రం చెయ్యాలి, అక్కడి జనం బతుకులు బాగుచెయ్యాలి అని కోర్టు తీర్పిచ్చింది. తీర్పు మంచిదే, కానీ అమలు నత్తనడకే, వేరే చోట ఇళ్ళిస్తామన్న కుటుంబాల్లో చాలామంది ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూనే ఉన్నారు. 2024లో కోర్టు తన పర్యవేక్షణ ముగించేసింది. 150 ఏళ్ళుగా నగరం మురికంతా మోసిన పేటల విషయంలో ఇంత తొందరగా చేతులు దులుపుకోవడం అన్యాయమని నా అభిప్రాయం.